మాత్ర వేళ

పదకొండో నంబరు వేసిన కాగితాన్ని మడిచి విప్పి, మడిచి విప్పి, అది గుడ్డపీలికలా మెత్తబడ్డాక ఆయనకు తోచింది, ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని, దానికీ ఒంట్లోంచి ఏదో తీసి ఇవ్వాలని, ఆ తీసి ఇచ్చేదేదో తన దగ్గర అడుగంటిందని. గోడ గడియారం ఎనిమిదీ ఆరు చూపిస్తోంది. రక్తం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యే తీయాలి. తీసేదాకా ఈవాళ్టి మాత్ర వేసుకోకూడదు. తీసిన మరుక్షణం వేసుకోవాలి. హార్మోన్ల డాక్టరమ్మ ఈ మూడు ముక్కలూ చీటీ మీద రాసి కింద రెండేసి గీతలు కొట్టింది. ముప్పయ్యేళ్లుగా బస్సు డిపోలో టైమ్‌కీపరుగా రాకపోకల వేళలు రాసుకుంటూ బతికినవాడికి వేళ సంగతి గీతలు కొట్టి చెప్పాలా అని ఆయన నవ్వబోయాడు గానీ, నవ్వు ముఖం దాకా రాలేదు, దారిలోనే ఎక్కడో దిగిపోయింది. "తెల్లవారేసరికి మనిషి ఒంట్లో తనంతట తాను ఊరాల్సిన హార్మోను ఒకటుంది సార్. ఆరేళ్లుగా బయటి నుంచి స్టెరాయిడ్ మాత్ర పోస్తుంటే, మీ గ్రంథి ఇక నాతో పనేముందని పడుకుంది. లేచిందో లేదో ఆ అంకె చెబుతుంది," అంది ఆవిడ. మరి ఈ దిగులు మాటేమిటని ఆయన గొంతు తగ్గించి అడిగాడు, పొద్దున నేల మీద కాలు పెట్టడానికి ఒక్క కారణమూ దొరకడం లేదే, ఇదీ గ్రంథి పనేనా అని. ఆవిడ కలానికి మూత పెట్టి, "మందు తగ్గినందువల్ల కావచ్చు. మీ సొంతం కావచ్చు. గ్రంథి లేచి ఉంటే దిగులు మీదే. లేవకపోతే అది మాత్ర కొరత, దానికి మాత్ర ఉంది," అంది. మీదే, అన్న ఆ ఒక్క మాట కోసమే ఆయన ఈ ఉదయం ఇక్కడికి వచ్చాడు. రెండేళ్ల కింద పోయిన భార్య కోసం తాను కుంగిపోతున్నాడా, లేక ఒంట్లో తక్కువపడ్డ కాసిని మిల్లీగ్రాములు తన కళ్లను అరువు తెచ్చుకుని కుంగిపోతున్నాయా, ఎవరైనా ఒక అంకె వేసి చెబితే చాలు.

నాలుగు కుర్చీలు ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉన్నాయి, ఒకరు కదిలితే నలుగురూ కదలాలి. పక్క కుర్చీలో పరగడుపున వచ్చిన పెద్దాయన కాలు ఊపుతున్నాడు, ఆ ఊపు కడ్డీ వెంట పాకి వచ్చి ఈయన కుర్చీనీ ఊపుతోంది. ఊపకండి అనడానికి నోరు తెరవాలి, నోరు తెరవడానికి బలం కావాలి, పోనీలే పాపం, ఆయనకూ భయమే అయ్యుంటుంది. ఎదురుగా తెర వెనుక రక్తం తీసే అమ్మాయి ఉంది, ముప్పై అయిదేళ్లుంటాయి, తెర కింద నుంచి నీలం చెప్పులు మాత్రమే కనిపిస్తాయి. పోయినసారి వచ్చినప్పుడు చూశాడు, ఎవరి చెయ్యి పట్టుకోబోయినా ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. ఎవరూ నేర్పి ఉండరు. ఎవరూ గమనించి ఉండరు కూడా. లోకంలో ఇలాంటివి ఎన్ని జరిగిపోతుంటాయో లెక్కలోకి రాకుండా. "టీ చుక్క లేకుండా రెండు గంటలు," అన్నాడు పెద్దాయన గాలితో మాట్లాడుతున్నట్టు, "దీనికన్నా జైలు నయం, అక్కడ పొద్దున్నే ఇస్తారట." ఆ తర్వాత ఇటు తిరిగి, "మీదేం పరీక్షండీ?" అన్నాడు. హార్మోను పరీక్ష అని చెప్పాడాయన. పెద్దాయన ఆయన నెరిసిన తలను, ఉబ్బిన బుగ్గలను తీరిగ్గా చూసి, "ఈ వయసులో హార్మోనేంటండీ, కొంపదీసి మళ్లీ పెళ్లి ఆలోచన గానీ ఉందా," అన్నాడు. "లేదండీ, అయిన పెళ్లి సంగతే ఇంకా తేలలేదు," అన్నాడాయన. పెద్దాయన కాలు ఊపడం ఆపేశాడు. పాపం, ఆకలి మీద ఉన్నవాడిని అలా అనకుండా ఉండాల్సింది.

ఉబ్బిన బుగ్గలు. చందమామ బుగ్గలు అనేది భార్య. ఆరేళ్ల కింద ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చి మాత్రలు మొదలెట్టిన మూడో నెలకే ముఖం గుండ్రంగా తిరిగిపోయింది, మెడ వెనుక మూపురంలా కండ వచ్చింది, అద్దంలో ఎవరో దూరపు చుట్టం నిలబడి ఉండేవాడు. "ఇద్దర్ని కట్టుకున్నట్టుంది నాకు," అనేది ఆవిడ, బడిపిల్లల యూనిఫాములకు కాజాలు కుడుతూ తలెత్తకుండానే. "సన్నవాడు మాట్లాడేవాడు కాదు, లావాయన ఊపిరి పీల్చుకోనివ్వడు." మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి, పొద్దున ఏడూ ఎనిమిదీ మధ్య, ఆలస్యమైతే రాత్రి నిద్ర పట్టదు అని చెప్పారప్పుడు. గోడ గడియారాన్ని ఆవిడ నమ్మేది కాదు, బ్యాటరీ వస్తువు ఎప్పుడు అలుగుతుందో ఎవరికి తెలుసనేది. వీధి మలుపు గుడ్డి మలుపు కాబట్టి మొదటి బస్సు అక్కడ తప్పనిసరిగా హారన్ కొట్టి తిరుగుతుంది, ఏడూ పదికి. ఆ హారన్ వినపడగానే ఎడమచేత్తో నీళ్ల గ్లాసు, కుడిచేత్తో మాత్ర. దారాలు తెంపే చిన్న బ్లేడుతో మాత్రను సగానికి కోసేది, పొడి రాలితే వేలికి అద్ది అదీ నాలిక మీద పెట్టేది. "మీ డిపో బస్సుకన్నా మంచి గడియారం ఏముందండీ, తప్పితే తిట్టడానికి మొగుడున్నాడు." ఆ ఏడు చలికాలం రాగానే ఆయన సీట్లో కూర్చుని, మంచు కారణంగా మొదటి ట్రిప్పును ఏడూ నలభైకి మార్చి, సంతకం పెట్టి, ఆ సంగతి ఇంట్లో చెప్పడం మరిచిపోయాడు. మంచు పెరిగినకొద్దీ పైనుంచి ఎవరో ఇంకా వెనక్కి జరపమంటే ఎనిమిదిన్నర చేశాడు. రెండు నెలలు నిద్ర లేదు. డాక్టర్లు మందులు మార్చారు, దిండు మార్చారు, కాఫీ మానమన్నారు. చివరికి కారణం కనిపెట్టింది ఆవిడే, బడికి బట్టలివ్వడానికి వెళ్లి, అక్కడి గంట విని. ఇంటికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమండీ, మీ బస్సు అబద్ధమాడుతోంది," అంది. ఎంత నవ్వారో. ఆవిడ నవ్వితే మెడ పక్కన ఒక నరం లేచేది, అది ఇప్పుడు కనిపించీ కనిపించనట్టుంది, ఎడమవైపా, కుడివైపా. ఎడమవైపు. కాదేమో.

ఎనిమిదీ పదిహేడు. నాలుగో నంబరు. నోరు ఎండిపోయింది, ఉప్పు నాకాలనిపిస్తోంది, నిన్నటి నుంచీ ఇదే, ఏం తిన్నా కడుపు ఎదురుతిరుగుతోంది, లేచి నిలబడితే గది అంచుల నుంచి నల్లబడి మధ్యలో కిటికీ అంత వెలుగు మాత్రం మిగులుతోంది. తగ్గించేటప్పుడు ఇలాగే ఉంటుందన్నారు కదా. నలభై నుంచి ముప్పై, ముప్పై నుంచి ఇరవై, అక్కడి దాకా మెట్లు దిగినట్టే ఉంది. పది దాటాక మెట్లు లేవు, చీకట్లో కాలు చాపి నేల ఉందో లేదో చూసుకోవడమే. అయిదు, నాలుగున్నర, నాలుగు, ఒక్కో మెట్టు మీదా నెల. ఇప్పుడు మూడు, మిల్లీగ్రాము మాత్రలు మూడు, ఒక్కోటి ఆవగింజకు అన్నలాంటిది. ఒక రూటును ఎత్తేసేటప్పుడు డిపోలో తామూ ఇలాగే చేస్తారు, ఒక్కసారి ఎత్తేస్తే జనం రోడ్డెక్కుతారు, అందుకని ఆరు ట్రిప్పులు నాలుగు, నాలుగు రెండు, ఆఖరికి పొద్దున ఒక్కటి, అప్పటికి జనమే వేరే దారి చూసుకుంటారు. చూసుకోలేనివాళ్లు ఒకరో ఇద్దరో స్టాపులో నిలబడుతూనే ఉంటారు. మొన్న ఆదివారంతో ఆ మొదటి ట్రిప్పూ ఆగిపోయింది, చార్టు మీద గీత కొట్టింది ఆయనే, ముగ్గురి కోసం ఇంత పెద్ద బండి తిప్పలేమని పైవాళ్ల మాట. ఆ బండి నడిపే డ్రైవరును డిపోలో అందరూ పాంపాం అంటారు, ముప్పై ఏళ్ల హారన్ మహిమ. చార్టు చూసి పాంపాం తల గోక్కుని, "టైమ్‌కీపరు గారూ, ఇక మీ వీధి మలుపులో నా గోల ఉండదు, హాయిగా పడుకోండి," అన్నాడు. తమ్ముడిలాంటివాడు. ఆవిడ పోయినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటిదాకా పక్కనే కూర్చుని వచ్చాడు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడింది ఆయనే, భర్త, దారంతా.

అది తలుచుకోకూడదు. తలుచుకోకుండా ఉండడానికి కూడా బలం కావాలి, అదీ లేదు, కాబట్టి అది వచ్చేసింది. అప్పుడు నలభై మిల్లీగ్రాముల మీద ఉన్నాడు. జబ్బు తిరగబెట్టి మోతాదు ఒక్కసారిగా పెంచిన నెలలోనే ఆవిడ కాలేయం పాడైందని తేలింది, పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజులూ ఆయనకు నిద్ర లేదు, అలుపు లేదు, ఆకలి మాత్రం తోడేలంత. ఆస్పత్రిలో ఎవరెప్పుడు ఆవిడ దగ్గర ఉండాలో రంగుల గళ్లతో డ్యూటీ చార్టు వేశాడు. మందుల కిటికీ దగ్గర క్యూ ఎలా నడిపితే తొందరగా కదులుతుందో అక్కడివాళ్లకు బొమ్మ గీసి చూపించాడు. నర్సులను నవ్వించాడు. మంచినీళ్ల గది కుళాయి బాగుచేశాడు. ఆవిడ పోయిన సాయంత్రం వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేసి, ఎవరికి ఏ బస్సు ఎన్నింటికో నోటితో చెప్పి, వడ్డించినదంతా తిని, ఇంకాస్త పెట్టించుకున్నాడు. వరండాలో బావమరిది ఎవరితోనో, "మా బావది గుండె కాదు, బండరాయి," అనడం వినపడింది, వినపడినా గుచ్చుకోలేదు, తేనె మీద సూది వేసినట్టు నెమ్మదిగా మునిగిపోయింది. ఆవిడ పిన్ని దగ్గరికి తీసుకుని, "ఏడువు నాయనా, తేలికవుతుంది," అంటే, "నేను తేలిగ్గానే ఉన్నానత్తయ్యా," అన్నాడు. నిజమే చెప్పాడు. అదే కదా ఘోరం. కూతురు మాత్రం వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అమ్మ పోతే నువ్వు నవ్వావు నాన్నా," అంది, అంతే, ఆ తర్వాత ఏడాదిపాటు ఫోను అంటే క్షేమ సమాచారమే, భోంచేశావా, చేశాను, మందులున్నాయా, ఉన్నాయి. హార్మోన్ల డాక్టరమ్మే ఒకరోజు కూతురితో మాట్లాడి, అంత మోతాదులో కొందరు అలాగే అయిపోతారమ్మా, అది మీ నాన్న నవ్వు కాదు, మాత్ర నవ్వు అని చెప్పింది. కూతురు నమ్మింది, నమ్మాక ఏడ్చింది, క్షమించినట్టే ఉంది. కానీ నవ్వు మాత్రదైతే ఏడుపు ఎవరిది, అని ఆయన మనసులో పడిన పురుగు అప్పటి నుంచే తొలుస్తోంది. నలభైలో లేదు, ఇరవైలో లేదు, పదిలో లేదు. నాలుగు దగ్గర దిగులు వచ్చింది గానీ పొడి దిగులు, బావిలో బకెట్టు రాయికి కొట్టుకున్న చప్పుడు తప్ప తడి లేదు.

ఆ తడి మొన్న సోమవారం తగిలింది. సాయంత్రం డిపో నుంచి వచ్చి, ఖాకీ ప్యాంటు కాలి అంచు ఊడిపోయి నేలకు జీరాడుతుంటే చూసుకున్నాడు. ఆవిడ కుట్టిన అంచు. కుట్టేటప్పుడు అంగుళం బట్ట ఎక్కువ మడిచి లోపల దాచేది, ఎప్పటికైనా పొడుగు పెంచాల్సి వస్తే పనికొస్తుందని. యాభై అయిదేళ్లవాడు ఇంకా పొడుగు పెరుగుతాడా అంటే, "చెప్పలేం, మీ మందులు మంచివి," అనేది. సూదిలో దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. నాలికతో తడిపాడు, ఎక్కలేదు. దీపం కిందికి వెళ్లాడు, ఎక్కలేదు. నాలుగోసారో అయిదోసారో ఆయన గొంతులోంచి ఆయన ఎరగని చప్పుడు ఒకటి వచ్చింది, పశువు అరిచినట్టు, ఆ తర్వాత ప్యాంటును ముఖానికి అదుముకుని నేల మీద కూర్చుండిపోయాడు, ఎంతసేపో తెలియదు, వేళ చూడలేదు, జీవితంలో మొదటిసారి వేళ చూడలేదు. లేచాక కూతురికి ఫోన్ చేసి, "ఏడ్చానమ్మా," అన్నాడు. "ఎంతసేపు నాన్నా," అంది, చిన్నపిల్లను అడిగినట్టు, ఆ తర్వాత తనూ ఏడ్చింది, ఇద్దరూ ఫోను పట్టుకుని చెరో ఊళ్లో ఏడ్చారు. శనివారం వస్తాను, రెండు రోజులుంటాను అంది. రెండేళ్లలో మొదటిసారి ఉంటాను అంది. ఆ నరకంలోనూ ఆయనకు ఆ మాట ఎంత చల్లగా తగిలిందో. ఏ అంకే అక్కర్లేదు, ఇది నాదే, దీనికి మడత నలగని కొత్త బాధ వాసన ఉంది అనుకున్నాడు. ఇప్పుడు, ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి, జేబులో ఫోను కదిలింది, కూతురే. "తీశారా నాన్నా?" "ఇంకా లేదమ్మా, ఏడో నంబరు నడుస్తోంది." "గొంతేంటి అలా ఉంది?" "పరగడుపు కదా." "మాత్ర వేసుకోలేదుగా?" "లేదు," అన్నాడు. "చూసుకో నాన్నా, అలవాటు మీద వేసేసుకుని ఉంటావ్, నీ సంగతి నాకు తెలీదా. వేసుకుంటే అంకె తప్పొస్తుందంట, మంచిగా ఉన్నట్టు చూపిస్తుందంట." "లేదమ్మా, వేసుకోలేదు," అన్నాడు మళ్లీ.

వేసుకోలేదు కదా. ఫోను పెట్టేశాక ఆ ప్రశ్న చెవిలో దోమలా తిరిగింది. పొద్దున లేవడం గుర్తుంది, గ్లాసులో నీళ్లు పోయడం గుర్తుంది, కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం గుర్తుంది. మాత్రలు నాలిక మీద పెట్టుకోవడం, ఆ సుద్దముక్క చేదు, అదీ గుర్తుంది, కానీ అది ఈవాళ్టిదా, రెండు వేల పొద్దులదీ కలిసిపోయిన ఒకే పొద్దుదా. వేసుకుని ఉంటే, ఆ అంకె లేచి కూర్చుంటుంది, గ్రంథి లేచింది అంటారు, దిగులు మీదే అంటారు. తను వినాలనుకున్న మాటే వినిపిస్తుంది, అబద్ధంగా. దానికన్నా తెలుసుకోవడం నయం. రక్తం తీశాక వేసుకుందామని తెచ్చుకున్న పట్టీ చొక్కా జేబులో ఉంది. తీశాడు. పదిహేను మాత్రల పట్టీ, శనివారం కొత్తది విప్పాడు, ఆ సంగతి గట్టిగా తెలుసు, శనివారం డిపోలో జీతం లేని సెలవుల పట్టిక రాసే రోజు. రోజుకు మూడు. శని, ఆది, సోమ, మంగళ, బుధ, అయిదు మూళ్లు పదిహేను, ఈవాళ గురువారం, పట్టీ ఖాళీగా ఉండాలి, మరిచిపోయి ఖాళీదే తెచ్చుకున్నాడేమో అనుకుంటూ తిప్పి చూశాడు. ఆరు గుంటలు చిరిగి ఉన్నాయి. తొమ్మిది మాత్రలు రేకు కింద నిండుగా, తెల్లగా, ఎవరినీ ఏమీ అనకుండా పడుకుని ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాడు. వేలితో తడిమి లెక్కపెట్టాడు. తొమ్మిది. శని, ఆది. సోమవారం లేదు. మంగళవారం లేదు. నిన్న లేదు. ఎలా. కిటికీ పక్కన కూర్చున్నాడు కదా, నీళ్లు పోసుకున్నాడు కదా, రోజూ కూర్చున్నాడు, ఇంకా వేళ కాలేదన్నట్టు కూర్చున్నాడు, డిపోకు వేళవుతుంటే లేచి వెళ్లాడు, సాయంత్రం వచ్చి చూస్తే గ్లాసు నిండుగా ఉంది, పొద్దున తాగినదే మళ్లీ పోసి మరిచిపోయాననుకుని మొక్కకు పోశాడు. మూడు సాయంత్రాలు మొక్కకు పోశాడు. ఇంకా వేళ కాలేదు. ఎందుకు కాలేదంటే, హారన్ వినపడలేదు. హారన్ ఎందుకు వినపడలేదంటే, చార్టు మీద గీత కొట్టింది తనే. డిపోలో కూర్చున్న టైమ్‌కీపరుకు ట్రిప్పు లేదని తెలుసు, కిటికీ పక్కన కూర్చున్న మొగుడికి తెలియదు, వాడు ఆవిడ నేర్పినట్టు బస్సు కోసం చూస్తూనే ఉన్నాడు. స్టాపులో ఆఖరుకు మిగిలిపోయే మనిషి తనే. ఎవడు తీసుకున్న గోతిలో వాడే పడడమంటే సామెత అనుకున్నాడు ఇన్నాళ్లూ, ఇంత చిన్న గొయ్యి ఉంటుందనుకోలేదు. అయితే సోమవారం. సోమవారం పొద్దున మాత్ర పడలేదు, సోమవారం సాయంత్రం ఏడ్చాడు. చేతులు వణికి దారం ఎక్కలేదు, అది మాత్ర లేక. గొంతులోంచి ఆ చప్పుడు, అది మాత్ర లేక. రెండేళ్లకు దొరికింది, నాదే అనుకుని గుండెకు హత్తుకున్నది, పిల్లను మళ్లీ ఇంటికి తెచ్చింది, అదీ మాత్రదే. నవ్వు ఎక్కువైన మాత్రది, ఏడుపు తక్కువైన మాత్రది, మరి ముప్పయ్యేళ్లు ఆవిడ పక్కన పడుకున్నవాడు ఎక్కడ. వాడసలు ఉన్నాడా. రూటు ఉంది, వేళలున్నాయి, చార్టు ఉంది, బండిలో మాత్రం ఎవరూ లేరు. ఇక ఇప్పుడు ఏ అంకె వచ్చినా ఒకటే, ఏదీ ఏమీ చెప్పదు. ఎదురుగోడ మెల్లగా పక్కకు ఒరుగుతోంది, ఒరగనీ, ఆ తెర, ఆ నీలం చెప్పులు, ఒరగనీ, ఇలా ఒరిగిపోతే ఎంత సులువు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

"పదకొండు," అని పిలిచారు ఎవరో, మళ్లీ పిలిచారు. పక్క పెద్దాయన ఆయన చేతిలో నలిగిన కాగితం చూసి, "ఈయనేనమ్మా, కదలట్లేదు," అన్నాడు, అన్నవాడే లేచి చంకలో చెయ్యి వేసి పట్టుకున్నాడు. తెర తొలిగింది. నీలం చెప్పుల అమ్మాయి ఆయన ముఖం చూసి, కుర్చీలో కూర్చోబెట్టకుండా సన్నని బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టింది. "బాబాయ్, చెమటలేంటి ఇలా పడుతున్నాయి? ఏం జరిగింది?" చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసి, మళ్లీ చూసింది. ఆయన మాత్రల పట్టీ చూపించి, "మూడు రోజులుగా పడలేదమ్మా. ఇప్పుడే తెలిసింది," అన్నాడు. ఎందుకు పడలేదని ఆమె అడగలేదు. డాక్టరమ్మకు ఫోన్ కలిపి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, అరచేతులు రెండూ గబగబా రుద్దుకుని ఆయన చెయ్యి అందుకుంది. ఇంత తొందరలోనూ రుద్దుకుంది. "ఆ మేడం, తీస్తున్నాను. బీపీ డెబ్బైకి కాస్త పైన. ఆ. తీయగానే పది మాత్రలు. ఆ, పడుకోబెట్టే ఉంచుతాను, మీరు రండి." సూది దిగింది. రక్తం కూడా బద్ధకంగా, వద్దామా వద్దా అన్నట్టు వచ్చింది. "తొమ్మిదే ఉన్నాయి," అన్నాడాయన. ఆమె ఫోనులో అడిగి, "తొమ్మిది చాలట," అని, రేకులు చింపి ఒక్కొక్కటే ఆయన అరచేతిలో వేసింది. "ఇంట్లో ఎవరున్నారు బాబాయ్, ఫోన్ చేస్తాను." ఆయన ఫోను ఇచ్చాడు, ఆఖరున మాట్లాడిన నంబరు చూపించాడు. "మా అమ్మాయి. భయపెట్టకు. సోమవారం నుంచి నాన్నకు మాత్ర పడలేదని చెప్పు." "అంతేనా?" "అంతే. సోమవారం అని మాత్రం తప్పకుండా చెప్పు. తనకి అర్థమవుతుంది." చెప్పకుండా ఉండొచ్చు, శనివారం వచ్చేది, రెండు రోజులుండేది. కానీ ఇంకోసారి ఆ పిల్లకు తనది కానిదాన్ని తనదని ఇవ్వలేడు. ఇక వస్తుందో రాదో.

మాత్రలు నాలిక మీద కరుగుతున్నాయి, చేదు, మింగలేదు. "మింగండి బాబాయ్," అని ఆమె తల వెనుక చెయ్యి వేసి లేపి కాగితం కప్పుతో నీళ్లు పట్టింది. మింగాడు. "ఎంతసేపట్లో పనిచేస్తుందమ్మా?" "ఇరవై నిమిషాలు, అరగంట. మెల్లగా తేలికవుతుంది." తేలిక. ఆ తేలిక ఆయనకు తెలుసు, ముందు వేళ్ల కొసలు వెచ్చబడతాయి, ఆ తర్వాత ఈ గది క్యూ ఎందుకు కదలడం లేదో తోస్తుంది, ఎవరికో ఒకరికి సలహా ఇవ్వాలనిపిస్తుంది, తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటాయి, ఆవిడ ఆ వైపు ఉండిపోతుంది. ఇప్పుడు ఎనిమిదీ యాభై మూడు. తొమ్మిదీ పదమూడు దాకా ఎవరూ రారు, ఏ మాత్రా రాదు. ఈ ఖాళీ ఎవరిదో ఆయన ఇక అడగలేదు. అడిగితే అడగడంతోనే అయిపోతుంది. కళ్లు మూసుకుని, ఇన్నాళ్లూ ఎటు నుంచి వెళ్లినా పక్కకు తప్పుకున్న ఆ గదిలోకి నేరుగా వెళ్లాడు, పంతొమ్మిదో రోజు, మధ్యాహ్నం, కిటికీ దగ్గరి మంచం. దుప్పటి బయటికి ఆవిడ పాదం ఒకటి వచ్చి ఉంది, పసుపుపచ్చగా, ఉబ్బి. ఆయన మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. రేపటి డ్యూటీ చార్టు గురించి, ఎవరు ఎన్నింటికి వస్తారో, ఆ తర్వాత కొత్త బస్సుల గురించి, ఆ తర్వాత ఇంకేదో. ఆవిడ కళ్లు తెరిచి చాలాసేపు చూసింది, విసుగు లేదు ఆ చూపులో, దూరంగా వెళ్లేవాళ్లు ఇల్లు చూసుకున్నట్టు చూసింది. "ఏమండీ," అంది, "కాసేపు ఏమీ మాట్లాడకుండా నా దగ్గర కూర్చుంటారా." సరే, సరే, అదే చెబుతున్నా అని, ఆయన ఇంకో ముప్పావుగంట నిలబడే మాట్లాడాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

తెర అవతల ఎవరినో పన్నెండు అని పిలుస్తున్నారు. నీలం చెప్పులు దగ్గరికి వచ్చి ఆగాయి. "బాబాయ్, చెప్పేశాను అమ్మాయికి. బాబాయ్, వినపడుతోందా? ఎలా ఉంది ఇప్పుడు?" ఆయన కళ్లు తెరవలేదు. ఒక్క చెయ్యి కొంచెం పైకెత్తి, కాసేపు ఆగమన్నట్టు చూపించి, దించేశాడు. మంచం పక్కన కుర్చీ ఉంది. ఆ గదిలో పంతొమ్మిది రోజులూ అది అక్కడే ఉంది. దాన్ని చప్పుడు కాకుండా దగ్గరికి లాక్కుని ఆయన కూర్చున్నాడు.